గేటు వెనక సింహం

మా అమ్మాయికి మూడేళ్ళు నిండబోతున్న ఆ చలికాలం, అరోరా ఊళ్ళో మేముండే అపార్ట్‌మెంట్‌లో నా ఇష్టానికి నేను తెరవగలిగిన తలుపులు రెండే: ఫ్రిజ్‌దీ, బాత్రూమ్‌దీ. వీధి తలుపు తెరవాలంటే ముందు పిల్లకి కోటు, బూట్లు, టోపీ, గ్లవ్స్ తొడగాలి. గ్లవ్స్ దగ్గరే యుద్ధం మొదలయ్యేది. వేళ్ళు దూర్చీ దూర్చగానే గుక్కపట్టేది. అన్నీ తొడిగి ఎలాగో బయటపడినా బయట ఏముంది గనుక? పార్కింగ్ లాట్, దాని మూల నల్లబడిన మంచుగుట్ట, దాని అవతల మనిషి నడవడానికి చోటు లేని రోడ్డు. నాకు డ్రైవింగ్ రాదు. మా ఆయన సోమవారం పొద్దున్నే క్లయింట్ ఊరికి విమానం ఎక్కితే మళ్ళీ గురువారానికి గానీ వచ్చేవారు కాదు. కారు ఎయిర్‌పోర్ట్‌లో, ఆయన హోటల్లో, నేను మూడో అంతస్తులో.

గుంటూరులో నేను జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పేదాన్ని. గొంతెత్తితే వెనక బెంచీలవాళ్ళు కూడా సెల్‌ఫోన్లు లోపల పెట్టేసేవారు. ఇక్కడ హెచ్-ఫోర్ వీసా మీద వచ్చిన భార్యలకి ఉద్యోగం చేసే వీలు అప్పటికింకా లేదు. చదువుకోవచ్చు అన్నారు. కమ్యూనిటీ కాలేజీలో పొద్దుటి పూట క్లాసులున్నాయి, మా అపార్ట్‌మెంట్ ముందు నుంచే బస్సు కూడా ఉంది. పిల్లని ఎక్కడ పెట్టి వెళ్ళాలన్నదొక్కటే ప్రశ్న. దగ్గర్లోని చర్చి బేస్‌మెంట్‌లో చిన్న ప్రీస్కూల్ ఒకటి నడిచేది. వారానికి మూడు పొద్దుటి పూటలు. మంచు కరిగే నాటికి అక్కడ ఒక సీటు ఖాళీ అవుతుందని తెలిసిన రోజున నాకు నిద్ర పట్టలేదు. ఆ సీటు దొరికితే నేను బయటపడతాను. దొరక్కపోతే మళ్ళీ ఏడాది ఇదే కార్పెట్, ఇవే నాలుగు గోడలు.

నన్ను అక్కడికి తీసుకెళ్ళింది ఒక ఆంటీ. డాక్టరుగా రిటైరైన మనిషి, డెబ్బైల దశకంలోనే ఆంధ్రా నుంచి వచ్చి స్థిరపడ్డావిడ. గుడిలో పరిచయం. తన పెద్ద కారులో వచ్చి, "ఎక్కమ్మాయ్, ఆలస్యమైతే ఇక్కడి వాళ్ళు మొహం మాడ్చుకుంటారు" అని తొందరపెట్టింది.

ప్రీస్కూల్ టీచరు తెల్లజుట్టు, పొడుగాటి మనిషి. నవ్వుమొహం. పిల్లని ఒక చిన్న కుర్చీలో కూర్చోబెట్టి ముందు రంగులు పోసిన పళ్ళెం పెట్టింది. మా అమ్మాయి రెండు చేతులూ వెనక్కి దాచేసుకుంది. సరే కాసేపయ్యాక స్నాక్ టైమన్నారు. పిల్లలందరి ముందూ గిన్నెల్లో పెరుగు, బిస్కెట్లు. అందరూ మూతికీ ముక్కుకీ పూసుకుని తింటున్నారు. మా అమ్మాయి బుద్ధిగా కూర్చుని, నోరు తెరుచుకుని ఎదురుచూస్తోంది.

"వాట్ ఈజ్ షీ వెయిటింగ్ ఫర్?" అంది టీచరు నాతో, అర్థం కాక.

"ఫర్ మీ" అన్నాను.

అన్నదాన్ని ఊరుకోవచ్చుగా? పరీక్షలో తెలిసిన ప్రశ్న వచ్చినట్టు ఉత్సాహంగా చెప్పుకుపోయాను. ఇంతవరకూ తన చేత్తో తను తిననే లేదనీ, మూడు పూటలా నేనే కలిపి, ముద్దలు చేసి, కథలు చెప్తూ పెడతాననీ, ఒక్క మెతుకు కూడా ఒంటి మీద పడనివ్వననీ. మా వైపు ఈ మాట చెబితే వినేవాళ్ళు, "ఎంత ఓపికమ్మా నీకు!" అంటారు. ఆ టీచరు మొహంలో నవ్వు ఉన్నచోటే ఉంది గానీ కళ్ళు మాత్రం పిల్ల చేతుల వైపు తిరిగాయి.

తర్వాత నన్ను పక్కకి పిలిచి మెల్లగా చెప్పింది. ఈ పిల్ల చేతులకి లోకం తెలియదు. తడి, జిగురు, గరుకు ఏవీ తెలియవు. ఇంట్లో రోజూ ముట్టుకునే ఆటలు ఆడించు. ఈ నెల మా క్లాసులో అందరం సర్కస్ ఆట ఆడుతున్నాం, నువ్వూ అదే ఆడించు. టబ్బులో రంగు బియ్యం పోసి అందులో బొమ్మ జంతువుల్ని దాచు, షేవింగ్ ఫోమ్‌తో గుడారం కట్టించు, పాప్‌కార్న్‌లో చేతులు పెట్టించు. మంచు కరిగాక మళ్ళీ తీసుకురా. టేబుల్ దగ్గర తన చేత్తో తను తింటే సీటు తనదే. లేకపోతే వచ్చే ఏడాది చూద్దాం.

కారెక్కాక ఆంటీకి చెబితే మండిపడింది. "నా పిల్లలకి ఫస్ట్ గ్రేడ్ దాకా నేనే పెట్టాను. ఇద్దరూ సర్జన్లయ్యారు. వాళ్ళ చేతులకేం రోగం వచ్చింది?" అంది. ఆ మాట నాకు హాయిగానే ఉంది గానీ సీటిచ్చేది ఆంటీ కాదు కదా.

మర్నాడే మా హాల్లో సర్కస్ దిగింది. బట్టల సబ్బు పొడి వచ్చిన పెద్ద ప్లాస్టిక్ టబ్బు ఖాళీ చేసి అందులో బియ్యం పోశాను. బియ్యంతో ఆటలేమిటని నా చెయ్యి వెనక్కి లాగుతూనే ఉంది, అయినా పోశాను. ఫుడ్ కలర్ కొనాలంటే గురువారం దాకా ఆగాలి. ఆగే ఓపిక నాకు లేదు. పసుపు వేసి, కాస్త నూనె చుక్క వేసి కలిపేశాను. పచ్చగా నిగనిగలాడుతూ బ్రహ్మాండంగా కుదిరింది. అందులో ప్లాస్టిక్ ఏనుగునీ, గుర్రాన్నీ సగం దాకా పాతిపెట్టి, నోటితోనే బ్యాండు వాయిస్తూ పిల్లని తీసుకొచ్చి ముందు నిలబెట్టాను.

మా అమ్మాయి టబ్బులోకి ఒకసారి చూసింది. నా మొహంలోకి ఒకసారి చూసింది. రెండు చేతులూ జోడించి తల వంచి నిలబడింది.

నాకు వెలగడానికి ఒక నిమిషం పట్టింది. నేను కలిపింది అక్షింతలు! దానికి తెలిసిన లోకంలో పచ్చటి బియ్యం కనబడితే ఎవరిదో పుట్టినరోజో, సత్యనారాయణ వ్రతమో. పెద్దవాళ్ళు చల్లుతారు, పిల్లలు తల వంచుతారు. ఆ బియ్యంలో చెయ్యి పెట్టి ఏనుగుని తియ్యడమన్నది దాని ఊహకే అందదు. నవ్వాలో ఏడవాలో తెలియక నాలుగు గింజలు దాని నెత్తిన వేసి, "దీర్ఘాయుష్మతీ భవ" అన్నాను. అది సంతోషంగా వెళ్ళిపోయింది. ఏనుగు పాతిపెట్టిన చోటే ఉండిపోయింది.

తర్వాతివన్నీ అదే వరస. మా ఆయన షేవింగ్ ఫోమ్ డబ్బా సగం ఖాళీ చేసి బేకింగ్ ట్రేలో గుడారం కట్టాను. దాని చూపుడువేలు పట్టుకుని మొన మాత్రం ముట్టించానో లేదో, "తుడు! అమ్మా, తుడు!" అని ఇల్లెగిరిపోయేలా అరిచింది. చపాతీ పిండితో కోతిని చేసి ఇస్తే, "చపాతీ చెయ్యి" అంది. పాప్‌కార్న్ గిన్నె ముందు కూర్చుని నోరు తెరిచింది. ముట్టుకునే ఆటలు కాకపోతే మానె, కనీసం ఏనుగు నడకైనా నడుద్దామని ఇద్దరం చేతులు తొండాల్లా ఊపుకుంటూ హాల్లో ధనధనా తిరిగాం. కింది ఇంటావిడ చీపురు కర్రతో సీలింగ్ మీద టకటకా పొడిచింది. ఏనుగులు రెండూ సోఫా ఎక్కి నోరుమూసుకుని కూర్చున్నాయి.

అలా కూర్చున్నప్పుడే నాకు మా ఊరి సర్కస్ గుర్తొచ్చేది. నేను చదువుకున్న కాలేజీ ఎదురుగా ఉన్న ఖాళీ స్థలంలో ఒక వేసవి డేరా వేశారు. సాయంత్రం ఆటకి ఎప్పుడూ వెళ్ళలేదు గానీ మధ్యాహ్నం క్లాసుల మధ్య నేనూ నా స్నేహితురాళ్ళూ కంచె దగ్గర నిలబడి బోనులో సింహాన్ని చూసేవాళ్ళం. చిక్కిపోయిన సింహం. ఈ చివర నుంచి ఆ చివరకీ, ఆ చివర నుంచి ఈ చివరకీ నడుస్తూనే ఉండేది. ఎండకో ఏమో కళ్ళు సగం మూసుకుని నడిచేది. మేం నవ్వేవాళ్ళం, దానికి పిచ్చని. ఇప్పుడు మా హాల్లో కిటికీ నుంచి వంటింటి దాకా, వంటింటి నుంచి కిటికీ దాకా నేను ఎన్నిసార్లు తిరిగానో ఎవరూ చూడలేదు. చూసి ఉంటే వాళ్ళూ అదే అనేవారు.

ఫోన్లో మా ఆయనతో చెబితే, "ఇంట్లోనే ఉంటున్నావుగా, మెల్లగా ట్రై చెయ్యి. తొందరేముంది?" అన్నారు.

"మీకు లేదు తొందర. మీరు పొద్దున్న లేస్తే ఆఫీస్‌కి వెళ్తారు. లిఫ్ట్‌లో నలుగురు కనబడతారు. నేను మనిషిని చూసి వారమైంది."

"మరి పాప మనిషి కాదా?"

ఫోన్ పెట్టేశాను. అంత దూరాన ఉన్న మనిషితో పోట్లాడినా తృప్తి ఉండదు.

ఇంతా చేస్తూ నేను అన్నం పెట్టడం మాత్రం మానలేదు. మానాలనే చూశాను. పళ్ళెం ముందు పెట్టి, "నువ్వే తిను" అని పక్కకి వెళ్ళాను. అది పళ్ళెం ముందు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. అరిచింది లేదు, అల్లరి చేసింది లేదు, ఊరికే కూర్చుంది. మధ్యాహ్నం దాటింది. చూడలేక నేనే కలిపి పెట్టాను. ముద్ద నోట్లో పడగానే అప్పుడు ఏడ్చింది, వెక్కివెక్కి. "నోట్లో ముద్ద పెట్టుకుని ఏడవకు, పొలమారుతుంది" అని వీపు నిమిరాను. ఈ మాట నేను దానికి ఎన్ని వందలసార్లు చెప్పి ఉంటానో.

ఆ రోజు వారం మధ్య. పొద్దుటి నుంచీ మంచు కురుస్తూనే ఉంది. హాల్లో కార్పెట్ మీద పెరుగన్నం పళ్ళెం పెట్టి, ఉప్పు మరిచిపోయానని వంటింట్లోకి వచ్చాను. వంటింటి గుమ్మానికి అడ్డంగా పిల్లలు పొయ్యి దగ్గరికి రాకుండా బిగించే గేటు ఒకటి ఉండేది. తెల్లటి ఊచలు, నా నడుం ఎత్తు. అలవాటు కొద్దీ దాన్ని వెనకే మూసేశాను. ఉప్పు డబ్బా చేతిలోకి తీసుకున్నాను. ఏమైందో తెలియదు, కిందనే కూలబడ్డాను. లేచి, గేటు తీసి, వెళ్ళి, కలిపి, పెట్టి, మూతి తుడిచి, గిన్నెలు కడిగి, మళ్ళీ సాయంత్రం అదే. ఇంక లేవను, అనుకున్నాను. నిజంగా అనుకున్నాను. నాకు భయం కూడా వేసింది.

మా అమ్మాయి గేటు దగ్గరికొచ్చి ఊచలు పట్టుకుని చూసింది. "అమ్మా, ముద్ద."

"ఇక్కడ అమ్మ లేదు" అన్నాను. కోపంగానే అన్నాను. "అమ్మ వెళ్ళిపోయింది. ఇక్కడ సింహం ఉంది."

దాని కింది పెదవి వణకడం మొదలైంది. చూసి నా మీద నాకే అసహ్యం వేసింది. దాన్ని ఆటలోకి తిప్పాలని మోకాళ్ళ మీదికి లేచి ఊచల దగ్గరగా మొహం పెట్టి గట్టిగా గాండ్రించాను. చాలా నెలలుగా లోపల ఉన్నదంతా ఆ గాండ్రింపులో పోయిందనుకుంటాను, వంటింట్లో గ్లాసులు కూడా మోగాయి. కింది ఇంటావిడ చీపురు ఎత్తలేదు. ఆవిడకీ భయమేసి ఉంటుంది.

మా అమ్మాయి ఒక అడుగు వెనక్కి వేసి, కళ్ళు పెద్దవి చేసి, పకపకా నవ్వింది. "లయన్! లయన్‌కి ఆకలా?"

"ఆకలే. కానీ లయన్‌కి చేతుల్లేవు. కేజ్‌లో ఉంది. ఎవరైనా పెడితేనే తింటుంది."

అది పళ్ళెం వంక చూసింది. తన చేతుల వంక చూసుకుంది. దాని మొహంలో ఆ క్షణం పెద్దవాళ్ళ కష్టం కనబడింది. వెళ్ళి పళ్ళెం ముందు కూర్చుని, కుడిచేతి వేళ్ళు పెరుగన్నంలో పెట్టింది. భుజాలు పైకెగిరాయి, ఒళ్ళంతా జలదరించింది. ఇదిగో ఇప్పుడు "తుడు" అంటుంది అనుకున్నాను. అనలేదు. అచ్చం నాలాగే వేళ్ళతో కలిపింది. అచ్చం నాలాగే అంచున నొక్కి ముద్ద చెయ్యబోయింది. సగం జారిపోయింది, మిగిలినదాన్ని పట్టుకుని, వేడి లేకపోయినా, "ఉఫ్ ఉఫ్" అని ఊది, కార్పెట్ పొడుగునా పెరుగు చుక్కలు రాలుస్తూ నడిచొచ్చి ఊచల మధ్యనుంచి చెయ్యి లోపల పెట్టింది.

"ఆ... నోరు తెరువు. ఇది తాత ముద్ద."

తిన్నాను. ఉప్పు లేదు.

"ఇది నాన్న ముద్ద. గుడ్ లయన్. ఇంకొక్కటే, లాస్ట్."

అది లాస్ట్ కాదు. నేను దానికి రోజూ చెప్పే అబద్ధాలన్నీ వరసగా నాకే చెప్పి, పళ్ళెంలో ఉన్నదంతా నా నోట్లో కుక్కింది. తినడమంటే దానికి తెలిసింది అదొక్కటే: ఒక మనిషి చేత్తో కలిపి ఇంకొక మనిషి నోట్లో పెట్టడం. తనకోసం తను తినడానికి పనికిరాని చేతులు నాకోసమని వచ్చేశాయి. ఊచలు పట్టుకుని తింటూ తింటూ నేను ఏడ్చేశాను. అది కనుబొమలు ముడిచి, "నోట్లో ముద్ద. ఏడవకు. పొలమారుద్ది" అంది. చివరికి, "షో అయిపోయింది!" అని ప్రకటించి, నేను బయటికి రావచ్చన్నట్టు గేటు మీద తట్టింది. తర్వాత తన వేళ్ళ వంక చూసుకుని, తుడవమని అడగకుండా, ఒక్కొక్కటే నాకేసింది. దాని చేత్తో అది తిన్న మొదటి తిండి అదే.

ఇంక చూడండి, రోజూ సర్కసే. గేటు మూసి, నన్ను లోపల కూర్చోబెడితే గానీ పళ్ళెం ముట్టుకునేది కాదు. పప్పన్నం, సాంబారన్నం, అరటిపండు గుజ్జు, అన్నీ ఊచల మధ్యనుంచే. అక్షింతల టబ్బులోంచి ఏనుగు కూడా ఎప్పుడో బయటపడి పెరుగులో మునిగింది. మా ఆయన ఫోన్ చేసి, "ఎక్కడున్నావ్, ఎకో వస్తోంది?" అని అడిగితే, "లోపలున్నాను. మీ అమ్మాయి షో అయిపోయిందనేదాకా రాకూడదు" అనేదాన్ని. ఇల్లు చాలదని ఇంట్లో ఇంకో బోను. అయినా ఆ బోనులో నాకు ఒక ఆశ ఉండేది. మెల్లగా "లయన్‌కి ఒకటి, నీకొకటి" అన్నాను. అదీ కుదిరింది. అయితే లయన్ ఎదురుగా ఉండాల్సిందే. నేను గేటు అవతల లేకపోతే మళ్ళీ చేతులు ఒళ్ళోకి వెళ్ళిపోయేవి. చూడటానికి వచ్చిన మొదటిరోజు తప్ప ప్రీస్కూల్లో తల్లుల్ని లోపలికి రానివ్వరు. అదే నా బెంగ.

మంచుగుట్ట కరిగి మురికి నీరైన ఒక పొద్దున ఆంటీ మళ్ళీ కారు తెచ్చింది. దారిలో నా మొహం చూసి, "అమ్మాయ్, ఇదేం ఎంసెట్ కాదు" అంది ఆంటీ. నాకు మాత్రం ఎంసెట్ కంటే ఎక్కువే.

క్లాసు గుమ్మానికి సగం ఎత్తు తలుపు ఉంది. పిల్లని లోపలికి పంపి, టీచరు ఆ సగం తలుపు మూసింది. నేను కారిడార్‌లో ఆగాను. పిల్లలు టేబుల్ చుట్టూ చేరారు. ఆ రోజు యాపిల్ సాస్, బిస్కెట్లు. మా అమ్మాయి గిన్నె వంక చూసింది. చేతులు ఒళ్ళో ఉన్నాయి. తర్వాత ఒక చెయ్యి పైకి వచ్చింది. బిస్కెట్ తీసింది, సాస్‌లో ముంచింది, వేళ్ళన్నిటికీ అంటుకుంది, తుడవమనలేదు. హమ్మయ్య అనుకునేలోపల పక్కకి తిరిగి, తన పక్కన కూర్చున్న బూరెబుగ్గల పిల్ల నోటి దగ్గర పెట్టి, "ఆ..." అంది. ఆ పిల్ల శుభ్రంగా నోరు తెరిచి తినేసింది.

టీచరు వచ్చి దాని చెయ్యి పట్టుకుంది. ఇక్కడ ఎవరి నోట్లో వాళ్ళే పెట్టుకోవాలి, స్నేహితుల నోట్లో పెట్టకూడదు, క్రిములుంటాయి అని చెప్పింది. ఆవిడ చెప్పింది న్యాయమే. మా అమ్మాయి చుట్టూ చూసింది. ఎవరికీ పెట్టకూడదంటే ఈ తిండి ఏం చేసుకోవాలో దానికి తెలియలేదు. కళ్ళు వెతుక్కుంటూ వచ్చి సగం తలుపు అవతల ఉన్న నా మొహం దగ్గర ఆగాయి. వెలిగాయి. కుర్చీ దిగి, ఇంకో బిస్కెట్ సాస్‌లో ముంచుకుని నా వైపు నడిచొచ్చింది. టీచరు ఏదో అనబోయి ఆగింది. సీటు పోయిందనే అనుకున్నాను. ఇంక పరువెందుకని ఆ కారిడార్‌లో, చర్చి వాళ్ళు అటూ ఇటూ తిరుగుతుండగా, మోకాళ్ళ మీద కూర్చుని తలుపు మీద గడ్డం ఆనించి నోరు తెరిచాను. అది మునివేళ్ళ మీద లేచి నా నోట్లో బిస్కెట్ పెట్టింది.

నాకు కన్నీళ్ళు ఆగలేదు. తన జిగురు చేత్తోనే నా చెంప తుడిచి, మరింత జిగురు చేసి, అంది:

"ఏడవకు అమ్మా, పొలమారుద్ది. షో అయిపోయింది. ఇంక నువ్వెళ్ళు."

అని వెనక్కి తిరిగి నడిచి, తన కుర్చీలో కూర్చుని, సాస్‌లో వేళ్ళు ముంచి తన నోట్లో తను పెట్టుకుంది. మళ్ళీ ముంచింది. నా వైపు చూడలేదు. టీచరు నన్ను చూసి, సరేనన్నట్టు తల ఊపింది.

నేను కోరుకున్నది అదే. ఆ చలికాలమంతా కోరుకున్నది అదొక్కటే. అయినా కాళ్ళు కదలలేదు. వెనకనుంచి ఆంటీ, "ఏమైందమ్మాయ్? ఏమన్నారు?" అని అడుగుతోంది. నోరు నిండా ఉంది, చెప్పలేకపోయాను. నమిలాను. పొలమారకుండా మింగాను. మా అమ్మాయి వెళ్ళమంది కాబట్టి, లేచి వెళ్ళాను.